మొక్కు పొట్టేలుకు రోజూ స్నానం

మా ఇంట్లో జంతువుల బాధ చూసి మొదట ఏడ్చింది మా మేనత్త. అదీ కడుపు నిండా మటన్ కూర తిని, చెయ్యి కడుక్కుని, పంటి సందులో ఇరుక్కున్న నారను పుల్లతో తీసుకుంటూ ఏడ్చింది. ఆమెను తక్కువ చేయాలని ఈ మాట చెప్పడం లేదు. ఆ రోజు మేమందరం అదే కూర తిన్నాం, అదే టీవీ ముందు కూర్చున్నాం. ఆమె చేతిలో పుల్ల ఉంది, మా చేతుల్లో లేదు, అంతే తేడా.

నేను ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆడవాళ్ళ బట్టలు కుడతాను. పుట్టిల్లు ఉదయగిరి కొండ కింద ఒక చిన్న పల్లె. ఆదివారం షాపు మూసి పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు అమ్మ దగ్గర ఉంటాను. కిందటి ఎండాకాలం మా ఆయన కొత్త టీవీ కొన్నప్పుడు, పాతదాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని పల్లెకు తెచ్చాను. దారి పొడుగునా కండక్టరు, "దీనికి టికెట్ కొట్టాల్నా, చంటిబిడ్డ కింద వదిలేయాల్నా అక్కా?" అని అడుగుతూనే వచ్చాడు. తెచ్చిన రోజే నా ఫోను నెట్టును టీవీకి కలిపి, ఇంట్లోవాళ్ళకు ఏదైనా మంచి విషయం చూపిద్దామని వెతికాను. బుద్ధిగా సీరియల్ పెట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

నేను పెట్టింది ఒక డాక్యుమెంటరీ. ఏ దేశంలో తీశారో తెలియదు, మాటలు మాత్రం తెలుగులో వస్తున్నాయి. గొర్రెల్నీ కోళ్ళనూ ఎంత ఇరుకులో పెంచుతారో, లారీల్లో ఎలా కుక్కి తోలుకుపోతారో, చివరికి ఎలా కోస్తారో, అన్నీ దొంగచాటుగా పెట్టిన కెమెరాతో తీసినవి. చెప్పే ఆయన గొంతు చావు కబురు చెప్పే గొంతులా ఉంది. మొదటి నిమిషంలోనే అత్త కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె కట్టుకున్నది పల్చటి వాయిలు చీర. బట్టలతో బతికేదాన్ని కాబట్టి చెబుతున్నాను, అందులోంచి అంతా చక్కగా కనిపిస్తుంది.

"నేను చూడలేనమ్మే, నా వల్ల గాదు" అంది అత్త. ఆ వెంటనే, "అదిగో, ఆ మూలన ఉండే గొర్రె చూడండి, దానికి కాలు ఇరుక్కున్నాది" అని మాకు చూపించింది. మేమెవరం గమనించనివన్నీ ఆమె కొంగులోంచే కనిపెట్టింది.

మా వదిన దారి వేరు. మా అన్న బోరు లారీతో ఊళ్ళు తిరుగుతుంటాడు. వదిన ఇంట్లో కూర్చుని ఉదయగిరి కొట్టువాళ్ళిచ్చే చెక్క గరిటెలను గరుకు కాగితంతో నునుపు చేస్తుంటుంది. టీవీ చూస్తూ గరిటె రుద్దుతూ ఉన్నట్టుండి ఆమెకు కోపం వచ్చింది. కోపం గొర్రెల్ని కొట్టేవాళ్ళ మీద కాదు, కెమెరా పట్టుకున్నవాడి మీద.

"వాడికి చేతుల్లేవా? ఆ కెమెరా కింద పెట్టి తలుపు గడియ తీస్తే వాడి సొమ్మేం పోయినాది?"

"అట్ట తీసేసుంటే మనకు తెలిసేది కాదు గదా వదినా" అన్నాను.

"ఇప్పుడు తెలిసి మనమేం చేసినాం? కూచోని చూస్తుండాం."

నేను ఆమె చేతిలోని గరిటెను చూపించాను. ఆ కోపంలో ఎంత రుద్దిందంటే, అన్నం వడ్డించాల్సిన గరిటె మందు తాగించే చెంచా అయింది.

నాయన కుర్చీలో కూర్చుని మొదట్నుంచీ టీవీలోని వాళ్ళతో తగాదా పడుతూనే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయనకు గొర్రెలు తప్ప వేరే లోకం లేదు. కళ్ళ చుట్టూ, మూతి దగ్గరా నల్లమచ్చలుండే తెల్ల గొర్రెలు మావి. ఏ దేశపు మందనైనా ఆయన తన మందగానే చూస్తాడు.

"ఆటికి చీమిడి కారతా ఉండాది, కనపళ్ళా? మందు పోయకుండా లారీ ఎక్కిస్తుండారే! ఒరే, మధ్యలో అడ్డకట్టె పెట్టాల రా! బ్రేకేస్తే అన్నీ ముందుకొచ్చి పడవా?"

టీవీలో డ్రైవరు వినిపించుకోలేదు. బ్రేకు వేశాడు. నాయన చెప్పినట్టే అన్నీ ముందుకొచ్చి పడ్డాయి. నాయన తల కొట్టుకుని, "చెప్తే ఇనరు" అని కుర్చీని గోడకు తిప్పుకున్నాడు. అంతా అయిపోయాక మాత్రం మా వైపు తిరిగి, "ఏడ్చినోళ్ళంతా రాత్రికి మిగిలిన కూర వొద్దంటే అప్పుడు నమ్ముతా" అన్నాడు. రాత్రికి ఎవరూ వద్దనలేదు. వండిన కూర పారేస్తే ఆ జీవం ఉసురు ఇంకా తగులుతుందని అత్త చెప్పింది. మాకందరికీ ఆ మాట ఎంతో సబబుగా తోచింది.

నా సంగతి దాచుకోవడం దేనికి? ఆ వీడియోను ఏడుపు బొమ్మలు కలిపి నా ఫోనులో ఉన్న కస్టమర్ల గ్రూపులో పెట్టాను. ఆత్మకూరు ఆడవాళ్ళ హృదయాలు కరిగిపోయాయి. ఒకామె అన్నం సహించడం లేదని రాసింది. ఇంకొకామె మనుషులు మనుషులే కాదని రాసింది. దాని కిందే మూడో ఆమె, "ఇంటికి చుట్టాలొచ్చారు, పొట్టేలు మాంసం లేతగా ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. అన్నం సహించనామె కొట్టుకు దారి చెప్పింది. అది చుట్టుదారి అని, దగ్గరి దారి నేను చెప్పాను.

ఆ మధ్యాహ్నం ఏమీ మాట్లాడనిది అమ్మ ఒక్కతే. లారీలో గొర్రెలు నాలుకలు బయటపెట్టి నీళ్ళ కోసం ఇనుప కమ్ముల్ని నాకే చోట ఆమె లేచి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏదో ఉందేమోననుకున్నాం. కాసేపటికి నేను బయటికి వెళ్ళి చూస్తే, పందిరి కింద పొట్టేలు ముందు నీళ్ళ బకెట్టు పెట్టి, అది తాగుతుంటే పక్కన గొంతుక్కూర్చుని ఉంది. పొట్టేలుకు దాహం లేదు. అమ్మ బాధపడుతుందని తాగుతున్నట్టుంది.

అది మొక్కు పొట్టేలు. అంతకు ముందు ఏడాది నాయనకు గుండెలో నొప్పి వచ్చి నెల్లూరు ఆసుపత్రిలో పెట్టాం. డాక్టర్లు గట్టిగా ఏమీ చెప్పడం లేదు. అమ్మ పల్లెకు పరుగెత్తుకొచ్చి, కొండదారిలో ఉన్న మా ఊరి అమ్మవారి గది ముందు నిలబడి, తన మనిషిని లేపి ఇంటికి పంపితే పొట్టేలును ఇస్తానని మొక్కుకుంది. తల్లి చచ్చిపోయిన ఒక పిల్లను అప్పట్లో అమ్మ సీసాతో పాలు పట్టి పెంచుతోంది. చంకలో అదే ఉంది. దాన్నే అమ్మవారికి చూపించింది. నాయన లేచి ఇంటికొచ్చాడు. ఆ పిల్ల పెరిగి పెద్ద పొట్టేలయింది. మందలో దానంత అందమైనది లేదు. అమ్మ దాన్ని "అబ్బయా" అని పిలుస్తుంది. మా వైపు కన్నకొడుకునైనా, దారినపోయే కుర్రవాణ్ణయినా అలాగే పిలుస్తాం. ఆ పిలుపు విని విని మేం కూడా దాన్ని "వాడు" అనడం మొదలుపెట్టాం.

సాయంత్రం బస్సెక్కే ముందు అమ్మతో అన్నాను, "అంత బాధగా ఉంటే ఇంకో పొట్టేలును ఇద్దాంలేమ్మా. వీణ్ణి వదిలేయ్."

"అమ్మవారికి వీణ్ణి చూపించి మొక్కినాను పాపా. ఇప్పుడు మాట మారిస్తే వీడికి బదులు మీ నాయన్ను అడుగుద్ది."

నేను సంచి భుజాన వేసుకున్నాను. అమ్మే మళ్ళీ, "పంపించేది ఎట్టాగూ పంపించాల్సిందే. పోయేదాకా వాడికి దాహమనేది తెలియకూడదు, అంతే" అంది. మొక్కు తీర్చేది ఆషాఢంలో. అదింకా దూరముంది, ఎండలు తగ్గలేదు.

దాహం తీర్చడంతో మొదలైంది, మర్నాటికి స్నానం దాకా వచ్చింది. ఎండకు ఒళ్ళు కాలుతుందని అమ్మ వాడికి మోటారు నీళ్ళు పోసింది. మొదటిసారి నీళ్ళు పడగానే వాడు తల నుంచి తోక దాకా ఒక్క విదిలింపు విదిలించాడట. అమ్మ ముఖం, అరుగు మీద ఆరబెట్టిన వదిన గరిటెలు, అటుగా పోతున్న పక్కింటామె, అందరూ తడిసిపోయారు. అత్తకు మహా సంతోషమైంది. "అమ్మవారి దగ్గర ఇట్నే విదిలిస్తే చాలమ్మే" అందట.

ఎందుకంటే మా ఊళ్ళో పద్ధతి అది. మొక్కు జీవాన్ని తోలుకుపోగానే కత్తి పెట్టరు. పూజారి దాని మీద పసుపు నీళ్ళు చల్లుతాడు. అది ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా ఎంతటి మొనగాడైనా దాన్ని తాకడానికి లేదు. నీళ్ళు పడితే ఏ జీవమైనా విదిలిస్తుంది కాబట్టి, అమ్మవారు వద్దన్న సందర్భం మా పెద్దవాళ్ళు కూడా ఎరగరు.

నేను ఆదివారం ఆదివారం వెళ్ళి చూస్తుంటే అబ్బయా భోగం పెరుగుతూ వచ్చింది. మొదట ఉత్త నీళ్ళు. తర్వాత షాంపూ ప్యాకెట్లు వచ్చాయి. తర్వాత రుద్దడానికి పీచు వచ్చింది. వీపు, కడుపు, కాళ్ళు అయ్యాక ఆఖరున మెడ కింద. వాడికి ఆ వరస బాగా తెలుసు. కళ్ళు మూసుకుని క్షౌరం చేయించుకునే పెద్దమనిషిలా నిలబడేవాడు. మెడ దగ్గరికి వచ్చేసరికి తనే గడ్డం పైకెత్తేవాడు. ఒళ్ళు తుడుచుకోవడానికి నా పాత నైటీ ఒకటి వాడికి కేటాయించారు. నా తువ్వాలు ఎక్కడుందని అడిగితే వెతుక్కోమన్నారు.

నాయన ఆ స్నానాలను చూసి తిట్టని రోజు లేదు. "నాకు జ్వరమొస్తే వేన్నీళ్ళు పెట్టినావంటే? ఇంట్లో ఇద్దరు మొగోళ్ళుంటే ఒకడికే తలంటా?" అనేవాడు. కానీ కరెంటు వచ్చే వేళకు పోయి మోటారు వేసి తొట్టి నింపిపెట్టేది ఆయనే. ఎందుకని అడిగితే, ఎండకు జీవాలు తాగుతాయనేవాడు. ఒకసారి ఉదయగిరి నుంచి వస్తూ షాంపూ ప్యాకెట్ల దండ కూడా తెచ్చి గూట్లో పడేశాడు. అడిగితే, కొట్టువాడు అంటగట్టాడన్నాడు. ఆ మధ్యే బేరగాడు కొన్ని పొట్టేళ్ళను కొని ఆటో తెస్తే, అన్నీ ఒకే దాన్లో ఎక్కించడానికి ఒప్పుకోక, మధ్యలో అడ్డకట్టె కావాలని పట్టుబట్టాడు. "కిటికీ పక్కన సీట్లు కూడా కావాల్నా పెద్దాయనా?" అని బేరగాడు నవ్వాడు. నాయన నవ్వలేదు. అడ్డకట్టె తనే వెతికి తెచ్చి కట్టించాడు.

ఆషాఢం వచ్చింది. మొక్కు రోజు ఆదివారమే. కొండాపురం నుంచి చుట్టాలొచ్చారు. అన్న లారీ ఆపి వచ్చాడు. వదిన తెల్లవారకముందే మసాలా నూరి పెట్టింది. అమ్మ ఆ రోజు అబ్బయాకు స్నానం చేయించలేదు, పూజారి పోస్తాడు కదా అని. నుదుట బొట్టు పెట్టి, మెడలో గజ్జెల పట్టీ కట్టి, తాడు తన చేత్తోనే పట్టుకుని నడిచింది. వాడు తాడు లాగకుండా ఆమె పక్కనే నడుస్తూ, మధ్యమధ్య ఆమె చేతిని మూతితో పొడుస్తున్నాడు. నేను వెనక వస్తున్నాను. డాక్యుమెంటరీలో గొర్రెల్ని ఈడ్చుకుపోయారు. ఇక్కడ ఎవరూ ఈడ్చడం లేదు. అయినా నాకు ఇదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

అమ్మవారి గది ముందు జనం గుండ్రంగా నిలబడ్డారు. పూజారి నాకు వరసకు మామ అవుతాడు. తలకాయ పూజారి వాటా. అందుకని ఆయన పొద్దున్నే ఒక గోతం సంచి మడిచి నడుముకు దోపుకుని వచ్చాడు. మంత్రమేదో అని, చెంబుతో పసుపు నీళ్ళు వీపు మీద పోశాడు. అందరం ముందుకు వంగి చూశాం.

అబ్బయా కళ్ళు మూసుకున్నాడు.

పూజారి కాసేపు ఆగి మళ్ళీ పోశాడు. వాడు కొంచెం పక్కకు జరిగి, రెండో వైపు చూపించాడు. కొండాపురం చుట్టాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పూజారి ఈసారి చెంబు వదిలి బిందె ఎత్తాడు. కడుపు మీద పోశాడు, కాళ్ళ మీద పోశాడు. పసుపు నీళ్ళు ధారలు కట్టి కారుతున్నాయి. వాడికి ఒక్క వెంట్రుక కదల్లేదు. అప్పుడు వాడు మెల్లగా గడ్డం పైకెత్తాడు. మెడ కింద కడగడం మరిచిపోయారని చెబుతున్నాడు. కత్తి పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషి ఆ చాచిన మెడను చూసి, తన చేతిలో కత్తిని చూసుకుని, దాన్ని వీపు వెనక్కు దాచుకున్నాడు.

అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న అమ్మ ఏడుపు బయటపడింది. అయితే ఆమె ఏడ్చింది మేమనుకున్నందుకు కాదు. పొట్టేలు ముందు కూలబడి రెండు చేతులూ జోడించి, "విదిలించరా అబ్బయా... ఒక్కసారి విదిలించు. నువ్వు విదిలించకుంటే ఆయన్ను అడుగుద్దిరా. నీకు దండం పెడతా" అంటోంది. ఎండలన్నాళ్ళూ ఎవడికి దాహం తెలియకూడదని నీళ్ళు మోసిందో, వాణ్ణే చావుకు ఒప్పుకోమని బతిమాలుతోంది. వాడు ఆమె జోడించిన చేతుల్ని నాకాడు. నాకు అప్పటిదాకా వస్తున్న నవ్వు ఎటు పోయిందో తెలియదు. ఆ ముండ టీవీని ఎందుకు తెచ్చానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"అమ్మవారు ఒప్పుకోల్యా" అని అత్త గొణిగింది. జనమంతా నాయన వైపు చూశారు. ఆయన బతికున్నందుకే కదా ఈ మొక్కు. నాయన నుదుట చెమట పట్టింది. ఆయన దేవుణ్ణి నమ్మని మనిషి కాదు. రోజూ మందను తోలుకుపోయేటప్పుడు ఆ గది ముందు చెప్పులు విడిచి, దండం పెట్టుకుని మరీ కొండెక్కే మనిషి.

"లెయ్యే" అన్నాడు అమ్మతో. "నేనీడ్నే నిలబడుండాను గదా, ఏడుస్తావేంది? ఏం బావా, ఇప్పుడేం చెయ్యాల?"

పూజారి తడి చేతులతో గడ్డం గోక్కున్నాడు. తనకూ ఇలాంటిది కొత్తే. కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. "బలవంతం చేసేదానికి లేదు. ఇంటికి తోలుకొని పోండి. పొద్దు గూకేలోపల ఎప్పుడు విదిలించినా ఒప్పుకున్నట్టే, అప్పుడే తోలుకొని రావాల. పొద్దు గూకేదాకా విదిలించలేదంటే, ఆమె వొద్దన్నట్టు. ఆమె పేరు మీద వదిలేయండి. ఈడు బతికినన్నాళ్ళూ ఎవురూ చెయ్యి ఎయ్యకూడదు. మొక్కు తీరినట్టే." అని గోతం సంచిని విప్పి, దులిపి, మళ్ళీ మడిచి నడుముకు దోపుకున్నాడు. సాయంత్రం దాకా ఆశ ఉంది కదా.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఇంటినిండా చుట్టాలు, మసాలా సిద్ధం, మాంసం లేదు. అన్న బండేసుకుని ఉదయగిరికి పోయి కోళ్ళు తెచ్చాడు. గంటలో కూర ఉడికింది. ఆ డాక్యుమెంటరీలో గొర్రెల కన్నా కోళ్ళ భాగమే ఘోరంగా ఉంది. అత్త అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది. ఇప్పుడు తనకే కాలు ముక్క కావాలని వదినకు కనుసైగ చేసింది. నేను గుర్తు చేద్దామని నోరు తెరిచాను. ఈలోగా నా ఆకులోనూ వడ్డించారు. నోరు తెరిచే ఉంది కాబట్టి తినేశాను.

అమ్మ తినలేదు. అన్నం వడ్డిస్తూనే నిమిషానికోసారి వాకిట్లోకి తొంగిచూస్తోంది. వాడు విదిలించాలని చూస్తోందో, విదిలించకూడదని చూస్తోందో నాకు అర్థం కాలేదు. ఆమెకూ అర్థమై ఉండదు. విదిలిస్తే వాడు పోతాడు. విదిలించకపోతే అమ్మవారు నిజంగానే వద్దన్నదో, కోపంతో ముఖం తిప్పుకున్నదో ఎవరు చెబుతారు?

చుట్టాలు ఒక్కొక్కరే బస్సుకు బయలుదేరారు. అన్న వాళ్ళను ఎక్కించడానికి పోయాడు. అమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నాయన తెల్లచొక్కాతో పందిరి కింద మంచం వేసుకుని కూర్చున్నాడు. పక్కనే అబ్బయా కాళ్ళు ముడుచుకుని పడుకుని నెమరేస్తున్నాడు. ఒంటి మీది నీళ్ళు ఆరిపోయి, పసుపు పొడిగా అంటుకుని ఉంది. నేను వాకిట్లో చెయ్యి కడుక్కుంటున్నాను. సూర్యుడు ఉదయగిరి కొండ మీద ఇంకా జానెడు ఎత్తున ఉన్నాడు.

అబ్బయా లేచాడు. ముందుకాళ్ళు చాచి ఒళ్ళు విరుచుకున్నాడు. తర్వాత తల నుంచి తోక దాకా, మొదటిరోజు విదిలించినట్టే, ఒక్క విదిలింపు విదిలించాడు. గజ్జెలు ఘల్లుమన్నాయి. పసుపంతా లేచి నాయన చొక్కా మీద, మీసాల మీద, కనురెప్పల మీద పడింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఏందయ్యా ఆ గజ్జెలు?" అమ్మ లోపల్నుంచే అరిచింది. "విదిలించినాడా?"

నాయన పొట్టేలు వైపు చూశాడు. కొండ మీద సూర్యుడి వైపు చూశాడు. అమ్మవారి గది ఉన్న దిక్కుకు తిరిగి, ఎవరికీ కనిపించకూడదన్నట్టు ఒక్క క్షణం చేతులు జోడించాడు. అప్పుడు ఆయన పెదవులు కదిలాయి. ఏం మాట్లాడుకున్నాడో ఆయనకూ, అమ్మవారికే తెలియాలి.

"లేదే" అన్నాడు గట్టిగా. "ఈగ వాలినాది. తల ఆడించినాడు."

తర్వాత నా వైపు చూశాడు. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను. "నువ్వు చూసినావా పాపా?" అన్నాడు.

"ఈగే నాయనా" అన్నాను. యాభై ఏళ్ళు గొర్రెలు కాచిన మనిషికి, రోజూ నీళ్ళు పోస్తే పొట్టేలు విదిలించడం మానేస్తుందని తెలియదా? తొట్టి నింపిపెట్టిన రోజులన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ మనిషి మీద అంత ప్రేమ నాకు ఎప్పుడూ కలగలేదు. ఆ మాట ఆయనతో చెప్పలేదు. చెబితే తిడతాడు.

నాయన వంగి వాడి మెడలోని గజ్జెల పట్టీ విప్పి జేబులో వేసుకున్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"చొక్కాకు ఆ పసుపేంది?"

"పూజారి చల్లినాడు."

"పొద్దున చల్లితే ఇప్పుడు కనపడతా ఉండాదా?"

"నీకు ఇప్పుడు కనపడినాది. నేనేం చేసేది? పోయి టీ పెట్టు."

అమ్మ లోపలికి పోయింది. నాయన మంచాన్ని జరిపి, గుమ్మానికీ పొట్టేలుకూ నడుమ వేసుకుని, వాడు కనిపించకుండా కూర్చున్నాడు. వాడు ఇంకోసారి విదిలించబోతే వీపు మీద చెయ్యి వేసి నొక్కిపట్టాడు. టీ వచ్చింది, చల్లారిపోయింది. కొండ వెనక్కు సూర్యుడు పూర్తిగా దిగేదాకా నాయన ఆ చెయ్యి తీయలేదు.